మావగారి చెవి మిషను

మా మావగారికి చెవుడు వచ్చిన సంగతి మాకు తెలియడానికి దగ్గర దగ్గర రెండేళ్ళు పట్టింది. ఇంట్లో ఉండేది నలుగురం. మావగారు, మా ఆయన, నేను, మావగారి దగ్గర వేదం చదువుకుంటున్న కుర్రాడు. మిగతా ముగ్గురికీ చెవులు నిక్షేపంలా ఉన్నాయి. అయినా పట్టింది. తప్పు ఆయనది కాదు, మాదీ కాదు. ఈ కోనసీమ మర్యాదది.

నా పుట్టిల్లు గుంటూరు వైపు. అక్కడ కూరలో ఉప్పు తక్కువైతే తక్కువైందని మొహం మీదే చెబుతారు. ఇక్కడ "కూర అద్భుతంగా ఉందమ్మా, ఆయ్, ఉప్పు గిన్నె ఎక్కడైనా దగ్గర్లో ఉందా?" అంటారు. పాతికేళ్ళ కాపురంలో గోదావరి నీళ్ళు ఒంటబట్టాయి గాని ఈ పద్ధతి నాకు ఒంటబట్టలేదు. మావగారేమో అందులోనే పుట్టి, అందులోనే పండిన మనిషి. ఎదుటివాళ్ళు ఏమన్నా ఆయన మొదటి మాట "ఆయ్". రేపు పాలు రావండీ అన్నా ఆయ్, కరెంటు పోతుందండీ అన్నా ఆయ్. వినపడినప్పుడూ అదే, వినపడనప్పుడూ అదే. ఇక చెవుడు ఎక్కడ మొదలైందో బ్రహ్మదేవుడు కూడా కనిపెట్టలేడు.

"మావగారూ, ఉప్మా చెయ్యమంటారా, అట్లు వెయ్యమంటారా?" అని అడిగితే "ఆయ్ అమ్మా" అనేవారు. నేను ఏది పెడితే అది తినేవారు. వంక పెట్టని మావగారు దొరికారని మా అమ్మకి ఫోనులో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

బయటపడింది ఒక గృహప్రవేశంలో. మావగారి దగ్గర ఒకప్పుడు అరుగు నిండా శిష్యులుండేవారట. ఇప్పుడు మిగిలింది ఈ ఒక్క కుర్రాడు. రాజోలు వైపు ఒక గుడిలో అర్చకత్వం చేసే ఆయన కొడుకు. చిన్నప్పటినుంచీ మా ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాడు, ఇప్పుడు మీసాలొచ్చాయి. మాఘమాసంలో వాడికి పెద్ద పరీక్ష ఉంది. ఆ గృహప్రవేశంలో వాడు పెద్దవాళ్ళతో కలిసి ఆశీర్వచనం చెప్పాడు. అది విన్న ఒక పండితుడు, మావగారికి వరసకి తమ్ముడు, భోజనాల దగ్గర మా ఆయన్ని పక్కకి పిలిచారు.

"కుర్రాడు చాలా బాగా చెప్తున్నాడురా. ఆయ్. గొంతు బాగుంది. ఓసారి అన్నయ్యగారిని డాక్టరుకి చూపిస్తే ఎలా ఉంటుందంటావు?"

మా ఆయన అది బీపీ గురించి అనుకుని, "మొన్ననే చూపించేం బాబాయ్, నూట ముప్ఫై ఉంది" అన్నారు. పక్కన నిలబడ్డ నాకు ఒళ్ళు మండింది. కుర్రాడి స్వరం చెడిపోయింది, గురువుకి వినపడ్డం లేదు, అని చెప్పడానికి ఇంత ప్రదక్షిణం ఎందుకు?

ఇంటికి రాగానే కుర్రాణ్ణి పట్టుకుని అడిగాను. వాడు తల దించుకున్నాడు.

"నాకు తెలుసండి అక్కయ్యగారూ. తప్పు చెప్పినా గురువుగారు ఆయ్ అంటున్నారండి. కావాలని ఓసారి తప్పు చెప్పి చూసేనండి కూడా."

"మరి చెప్పవేంరా?"

"గురువుగారితో ఎలా అంటామండి, మీకు వినపడ్డం లేదని?"

నెత్తి కొట్టుకున్నాను. మావగారు చదువు చెప్పే పద్ధతి ఏమిటంటే, ఆయన ఒకసారి చెబుతారు, శిష్యుడు రెండుసార్లు అంటాడు. దాన్ని సంత అంటారు. పుస్తకం ఉండదు. చెవే పుస్తకం. గొంతు ఎక్కడ లేవాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ నిలవాలి అన్నది విని పట్టుకోవాలి, విని దిద్దాలి. వినపడని ఈ రెండేళ్ళూ మావగారు కుర్రాడి పెదాలు చూసి మాట పట్టుకున్నారు. స్వరం పెదాల మీద కనపడదు కదా.

ఆ సాయంత్రం నేనే ఆయన ఎదురుగా కూర్చుని, ఊరంతా వినేలా అడిగాను. మావగారి ముందు గొంతెత్తకూడదని పెళ్ళయిన కొత్తలో నాకు నేర్పిన ఇల్లిది. ఆయన అరుగు మీది చాప అంచు సర్దారు.

"అవునమ్మా, కొంచెం మందగించింది. చెప్తే మీరు కంగారు పడతారని ఊరుకున్నాను. కుర్రాడి పరీక్ష అయ్యేదాకా ఎలాగోలా గడిస్తే చాలు. వీడొక్కడూ గట్టెక్కితే నేను చెప్పినదానికి ఓ అర్థం ఉంటుంది" అన్నారు.

కుర్రాడి నాన్నగారికి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పాను, మావగారికి చెవి మిషను పెట్టిద్దామనుకుంటున్నామని కూడా చెప్పాను. ఆయన కూడా ఇక్కడి మనిషే కదా. "అయ్యో, దానికేమండి, మిషను వచ్చేకే చూద్దామండి. మాకేం తొందర లేదండి" అన్నారు. తొందర ఉందని ఆయన గొంతులో తెలుస్తూనే ఉంది. కుర్రాణ్ణి ఇంకొక గురువు దగ్గరికి పంపేస్తే వాడి పరీక్ష గట్టెక్కుతుంది. మావగారి చదువు మాత్రం అక్కడితో ముగిసిపోతుంది. ఆయనకి దాని తరవాత చెయ్యడానికి ఇంకేమీ లేదు. అందుకే నాకా పట్టుదల. మాఘం లోపల ఆయన చెవిలో మిషను పడాలి.

బజార్లో కొనొచ్చుగా అంటారేమో. మంచి మిషను ధర విని మా ఆయన ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. చవకది ఒకటి తెచ్చి చూశాం. అది పెట్టుకుంటే మావగారి తలలో కుక్కర్ విజిల్ వేస్తున్నట్టు కూత. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందండీ, చెవుడు ఇంత శాతం ఉందని సర్టిఫికెట్ ఉంటే చాలండీ అని మా ఊరి సచివాలయంలో అన్నారు. సరే అని అమలాపురం ఆసుపత్రికి బయల్దేరాం.

అక్కడ చెవి పరీక్షకి ఒక అద్దాల గది ఉంది. లోపల మావగారు, చెవులకి డిప్పలు, చేతిలో బటన్. అద్దానికి ఇవతల చిన్నమ్మాయి, ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో అయినట్టు లేదు. "తాతగారూ, చెవిలో శబ్దం వస్తే బటన్ నొక్కాలండి. అర్థమైందాండీ?" అని పెద్దగా చెప్పింది.

"ఆయ్."

ఆ అమ్మాయి ఏదో తిప్పుతుంది, తలెత్తి ఆయన వైపు చూస్తుంది. ఆయన నొక్కుతారు. మళ్ళీ తిప్పుతుంది, చూస్తుంది. నొక్కుతారు. చూస్తున్న నాకు ఆశ్చర్యం వేసింది, ఇదేమిటి, అన్నీ వినపడుతున్నాయా అని. పరీక్ష అయ్యాక అమ్మాయి నవ్వుతూ బయటికొచ్చింది.

"తాతగారికి బానే ఉందండి. వయసుకి తగ్గ లోపమేనండి. సర్టిఫికెట్‌కి పర్సంటేజీ సరిపోదండి."

"అమ్మాయ్, ఆయన పక్కన తాటాకు బాంబు పేలినా తిరిగి చూడరు" అన్నాను.

"నిజమేనండి. కానీ రిపోర్టులో అలా రాలేదండి."

ఆటోలో తిరిగొస్తూ అడిగాను. నా అరుపుకి ఆటో అబ్బాయి కూడా బండి నెమ్మదించాడు. "మావగారూ, మీకు శబ్దం వినపడిందా?"

"లేదమ్మా."

"మరెందుకు నొక్కారు?"

"ఆ పిల్ల ప్రతిసారీ ఎంతో ఆశగా నావైపు చూస్తోందమ్మా. నొక్కకపోతే ఏం బావుంటుంది? పాపం, కష్టపడి చేస్తోంది" అన్నారు.

ఆటో అబ్బాయి "అవునండి, పాపం" అన్నాడు. నేను వాడి వైపు చూసిన చూపుకి మళ్ళీ బండి వేగం పెంచాడు. ప్రపంచంలో ఇంకెక్కడైనా చెవిటివాడు మొహమాటానికి పోయి చెవి పరీక్ష పాసవుతాడా?

అక్కడినుంచి మొదలైంది అసలు తిరుగుడు. పాత రిపోర్టు రద్దయితే గాని కొత్త పరీక్షకి పేరు ఎక్కదు. కొత్త పరీక్ష చేస్తే గాని పాతది తప్పని తేలదు. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్నట్టుంది వ్యవహారం. సచివాలయంలో కంప్యూటర్ దగ్గర కూర్చునే అబ్బాయి బంగారంలాంటి వాడు, కుర్చీ వేస్తాడు, మంచినీళ్ళిస్తాడు. పని మాత్రం కాదు. "అయిపోయినట్టేనండి అమ్మా" అంటాడు. ఒకరోజు సర్వర్ లేదు. ఇంకోరోజు సర్వర్ ఉంది, మావగారి వేలిముద్ర పడలేదు. "బొటనవేలు అరిగిపోయిందండి, నిమ్మకాయ రుద్ది చూడండి" అన్నారు ఎవరో. రుద్దాం. ఆయన "ఆయ్, ఇప్పుడు పడుతుంది" అని ఆ అబ్బాయికే ధైర్యం చెప్పారు. వేసంకాలం పోయి వానలొచ్చాయి. నేను ఒక్కసారి గట్టిగా అరిస్తే అక్కడున్న వాళ్ళంతా లేచి నిలబడి "కూర్చోండమ్మా, టీ తాగుతారా?" అన్నారు. ఎదురు తిరిగే మనిషితో పోట్లాడొచ్చు. టీ ఇచ్చే మనిషితో ఏం పోట్లాడతాం?

చివరికి కాకినాడ పంపించారు. అక్కడ పెద్దాసుపత్రిలో ఇంకొక రకం పరీక్ష. తలకి తీగలు అంటిస్తారు, రోగి బటన్ నొక్కక్కర్లేదు, జవాబు చెప్పక్కర్లేదు, కదలకుండా నిద్రపోతే చాలు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మర్యాదకి ఇందులో చోటు లేదు కదా అనుకున్నాను. అరగంట తరవాత డాక్టరుగారు బయటికొచ్చి, "అమ్మా, ఆయన పడుకోవడం లేదండి. నేను లోపలికి వెళ్ళినప్పుడల్లా లేచి కూర్చుంటున్నారు" అన్నారు.

లోపలికి వెళ్ళి, "మావగారూ, నిద్రపోండి" అని అరిచాను.

"డాక్టరుగారు నిలబడి ఉంటే నేను కాళ్ళు చాపుకుని పడుకోవడమేమిటమ్మా?"

డాక్టరుగారిని బతిమాలి గుమ్మం అవతలికి పంపాను. మావగారు కళ్ళు మూసుకుని జపం చేసుకుంటూ నిద్రపోయారు. పరీక్ష పూర్తయింది. రెండు చెవులూ బాగా దెబ్బతిన్నాయని తేలింది. నాకు ఎంత సంతోషం కలిగిందంటే, బస్సెక్కాక గాని నేను దేనికి సంతోషిస్తున్నానో గుర్తు రాలేదు.

సర్టిఫికెట్ వచ్చింది. కార్తీకంలో మిషన్లు పంచే క్యాంపు పెట్టారు. శామియానా, వేదిక, పూలదండలు, దివ్యాంగులకు స్వాగతం అని బ్యానరు. పొద్దున్నే రమ్మన్నారు, వెళ్ళాం. ముఖ్య అతిథి మధ్యాహ్నం దాటాక వచ్చారు. నా పక్కన కూర్చున్నావిడకి మూడు చక్రాల బండి ఇచ్చారు. ఆవిడ ఇల్లు పంటబోదెకి అవతల, మధ్యలో ఉన్నది రెండు తాటి దుంగల వంతెన. బండి దాని మీదినుంచి వెళ్ళదు. "మరి ఏం చేస్తారండీ?" అంటే "ఆయ్, చాలా బాగుందండి బండి, మెత్తటి సీటండి" అని నవ్వింది. ఆవిడ మీద కోపం రావాలో జాలి పడాలో నాకు తెలియలేదు.

చెవి మిషన్ల వంతు వచ్చింది. మైకులో పేర్లు పిలవడం మొదలుపెట్టారు. చెవిటివాళ్ళని, మైకులో. ఒక్కరూ లేవలేదు. పిలిచిన పేరే మళ్ళీ పిలుస్తారు, ముందు వరసల్లో ముసలివాళ్ళు హాయిగా చూస్తూ కూర్చుంటారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత విన్నాను గాని, శామియానా వేసి, పూలదండలు కట్టి ఊదడం అక్కడే చూశాను. మైకు పట్టుకున్నాయన దగ్గరికి వెళ్ళి, "వాళ్ళకి వినపడకే గదండీ ఇక్కడికొచ్చారు, దగ్గరికెళ్ళి భుజం తట్టి పిలవండి" అన్నాను. "ఆయ్, నిజమేనండి, మీరన్నది కరెక్టండి" అన్నాడు. అని, ఇంకా పెద్దగా మైకులో పిలిచాడు.

మావగారి పేరు వచ్చినప్పుడు నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. ముఖ్య అతిథి ఆయన కాళ్ళకి నమస్కారం చేసి, మిషను చెవిలో పెట్టి, ఫోటో వైపు తిరిగి, "గురువుగారూ, వినపడుతోందాండీ?" అన్నారు.

"ఆయ్! దివ్యంగా ఉంది నాయనా!"

చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. ఇంటికొచ్చి డబ్బా విప్పితే బ్యాటరీల కవరు సీలు కూడా తియ్యలేదు. మిషన్లో బ్యాటరీ లేదు.

ఆ రోజు మాత్రం నేను ఎవరి మీదా అరవలేదు, ఓపిక లేదు. మా ఆయన కళ్ళజోడు సవరించుకుని బొత్తాంలాంటి బ్యాటరీ లోపల పెట్టి, మావగారి చెవిలో అమర్చారు. మావగారు ఉలిక్కిపడి పైకి చూశారు. ఫ్యాను. తరవాత వీధిలోకి చూశారు, సైకిల్ బెల్లు. "మావగారూ" అని నేను అలవాటు కొద్దీ ఒక కేక పెట్టాను.

"నీ గొంతు ఇంత పెద్దదా అమ్మా?" అన్నారు.

కుర్రాడు పగలబడి నవ్వి, వెంటనే నోరు మూసుకున్నాడు. నేను కూడా నవ్వాను. ఆ రాత్రి పాయసం చేశాను. మాఘానికి ఇంకా టైముంది, స్వరం దిద్దుకోవచ్చు, కుర్రాడు ఇక్కడే ఉంటాడు, అన్నీ కుదిరిపోయాయని కుర్రాడి నాన్నగారికి ఫోన్ కూడా చేశాను.

మర్నాటినుంచి అరుగు మీద సంత మొదలైంది. మావగారు చెప్పేవారు, కుర్రాడు అనేవాడు. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. "ఇంకోసారి" అనేవారు. మళ్ళీ విని, "ఇంకోసారి" అనేవారు. నేను వంటింట్లోంచి వింటూ, ఇప్పుడు దిద్దుతారు, ఇప్పుడు దిద్దుతారు అని చూసేదాన్ని. దిద్దేవారు కాదు. మిషను తీసి, అటూ ఇటూ తిప్పి, ఇంకో చెవిలో పెట్టుకుని చూసేవారు. చెయ్యి దగ్గరికెడితే అది కూ మనేది. అలా చాలా రోజులు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం నేను ఉండబట్టలేక వెళ్ళి అడిగాను.

"మాట వినపడుతోందమ్మా" అన్నారు. "నువ్వు మాట్లాడితే ప్రతి మాటా వినపడుతోంది. స్వరం వినపడ్డం లేదు. లేచిందీ, దిగిందీ అన్నీ ఒకే ఎత్తులో వస్తున్నాయి. రేకు డబ్బాలోంచి వచ్చినట్టు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పరేం?"

"నువ్వు అంత తిరిగేవు కదమ్మా" అన్నారు.

డబ్బా మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. అవతల ఎంతో చక్కటి గొంతు. సర్దుబాటు చెయ్యొచ్చా అంటే, "ఆయ్, తప్పకుండానండి, చెయ్యొచ్చండి" అంది. ఎప్పుడు అంటే, మళ్ళీ క్యాంపు పెట్టినప్పుడండి. క్యాంపు ఎప్పుడు అంటే, వచ్చే సంవత్సరం ఉండొచ్చండి. కాకినాడ వెళితే, ఈ మిషను మాటల కోసం చేసింది, పాటకీ స్వరానికీ వేరే రకాలుంటాయి, అవి మేం ఇచ్చేవాటిలో ఉండవు అన్నారు. మాటలు వినపడితే మనిషికి చాలని ఎవరు తేల్చారో, వాళ్ళ మొహం ఒక్కసారి చూడాలని ఉంది నాకు. వేదం చెప్పుకునే మనిషికీ, సంతలో కూరగాయలు బేరమాడే మనిషికీ ఒకటే చెవి అనుకున్నారు. ఉచితంగా ఇచ్చినదానికి వంకలేమిటి అంటారని తెలుసు. అనుకోనీ. వంకలు నావి, చెవి ఆయనది.

మా ఆయన ఆ రాత్రి మంచి మిషను అప్పు చేసైనా కొంటానన్నారు. మావగారు వినిపించుకుని కూడా తల అడ్డంగా ఊపారు. పొద్దున్నే స్నానం, సంధ్య అయ్యాక నా చేత కుర్రాడి నాన్నగారికి ఫోన్ చేయించి, తనే అందుకున్నారు.

"నాయనా, కుర్రాణ్ణి తీసుకెళ్ళు. మా తమ్ముడి దగ్గర చేర్పించు. వాడు దిద్దుతాడు. టైముంది, పరీక్ష పోదు."

అవతల ఆయన ఇక్కడి పద్ధతిలో ఎన్నో చెప్పారు, మాకేం తొందర లేదండి, మీ దగ్గరే ఉండనివ్వండి, మీ చెయ్యి చాలండి అని. మావగారు అంతా విన్నారు. నేను చూస్తున్నాను, అలవాటు ప్రకారం ఆయ్ అంటారేమో అని. "కాదు నాయనా, ఇవాళే రా" అన్నారు. ఆయన నోట ఎవరితోనైనా అంత పొట్టి మాట నేను వినడం అదే మొదలు.

మధ్యాహ్నానికి కుర్రాడి నాన్నగారు వచ్చారు. కుర్రాడి సంచి సర్దింది నేనే. పంచెలు, కంచం, చెంబు, పచ్చడి సీసా. వాడు గురువుగారికి సాష్టాంగపడి లేవడం లేదు. మావగారు వంగి భుజం పట్టి లేపి, "నేను చెప్పినవాటిలో తప్పులుంటే అక్కడ అడిగి దిద్దుకో. నా దగ్గర పడ్డట్టు మొహమాటపడకు" అన్నారు. వాళ్ళ ఆటో కాలవ గట్టు తిరిగేదాకా ఆయన అరుగు మీదే నిలబడ్డారు. తరవాత చాప చుట్టి గోడకి ఆనించి కూర్చున్నారు.

నేను వంటింట్లోకి వచ్చేశాను. ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ నేను ఏడ్చినా, తిట్టుకున్నా, గిన్నెలు విసిరినా ఈ ఇంట్లో ఆయనకి తెలిసేది కాదు కదా. కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

అరుగు మీదినుంచి ఆయన గొంతు వచ్చింది.

"ఏడవకమ్మా. నాకు వినపడుతోంది."